నూనెలో వెతికిన తప్పు

పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన కొత్తల్లో నాకు అన్నం సయించేది కాదు. వంట బాగాలేక కాదు, ఇల్లంతా నూనె వాసన. మా పుట్టింట్లోనూ మగ్గం ఉండేది కానీ ముతక పంచెలే నేసేవాళ్ళు. భువనగిరికి ఒక పూట నడకలో ఉన్న ఈ ఊళ్ళో మాత్రం ఇంటింటా తేలియా రుమాళ్ళే. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చదరపు గుడ్డలు. పట్నం సేటు వాటిని కొనుక్కుపోయి ఓడ మీద పంపేవాడు. ఎక్కడో ఇసుక దేశంలో మగవాళ్ళు ఎండకు తలకు చుట్టుకుంటారని చెప్పేవాళ్ళు. వాళ్ళు మా ఇంటి వాసన ఎట్లా భరిస్తారో అనుకునేదాన్ని.

రుమాలు గొప్పతనమంతా నూలులోనే ఉందనేది మా అత్త. ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి, తేట వంచుకుని, అందులో నూనె పోసి, నూలు వేసి పిసకాలి. ఎండబెట్టాలి. మర్నాడు మళ్ళీ అదే పని. పక్షం దాటినా వదలకూడదు. అప్పుడుగాని నూలు ఎరుపును గట్టిగా పట్టుకోదు. నూలు కుదిరిందో లేదో అత్త కళ్ళతో చూసేది కాదు, చెంపకు ఆనించుకునేది. "ఇంక రెండు దినాలు" అనేది, అంతే. ఊళ్ళోవాళ్ళు కూడా తమ నూలు తెచ్చి ఆమె చెంపకు చూపించుకుని పోయేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. నవ్వితే నూనె తొట్టి నాతో కడిగించేది కాబట్టి నవ్వడం మెల్లగా మానుకున్నాను.

నా బిడ్డ పాకే వయసులో ఉన్నప్పుడు ఒకసారి సేటు వచ్చి, సరుకు తీసుకోకపోగా పోయినసారి కొన్న మూట కూడా తిరిగి ఇచ్చాడు. బొంబాయి దాకా పోయి వచ్చిన మూట.

"ఆ దేశంల ఇన్నేండ్లు మన గుడ్డకు సుంకం తక్కువ పట్టేటోళ్ళు. గా రాయితీ తీసేసిండ్రు. ఇప్పుడు వేరే దేశపు మిల్లు గుడ్డ మనదానికన్న సస్తా పడుతుంది. మీ గుడ్డల తప్పేం లేదు" అన్నాడు సేటు.

నా భర్తకు ఆ మాట వెంటనే అర్థమైంది. నైజాం కాలంలో పొలిమేర దాటే మూటలకు నాకాలో సుంకం కట్టినవాడే. తలుపు వెనక నిలబడి విన్న అత్తకు మాత్రం వేరేగా అర్థమైంది.

సేటు పోయాక అన్నది: "సుంకమట. మర్యాదస్తుడు, అందుకే గట్లన్నడు. నూనె మంచిగ పట్టలేదని ఇంటికొచ్చి మొఖం మీద అంటడా ఎవడన్న?"

మావాళ్ళ తీరే అంత. పిల్ల నచ్చకపోతే నచ్చలేదనరు, పేరుబలం కుదరలేదంటారు. అత్త సుంకాన్ని కూడా ఆ వరుసలోనే వేసింది. మూట విప్పి ఒక్కో రుమాలూ వాసన చూసింది. నా భర్త రెండుసార్లు విడమరిచి చెప్పాడు. మూడోసారి చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆమె మళ్ళీ నూలు పిసకడం మొదలుపెట్టింది. ఈసారి నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. నెల దాకా పిసికింది. బూడిద నీళ్ళకు అరచేతుల తోలు ఊడింది. ఆ నూలుతో నా భర్త రుమాళ్ళు నేసిచ్చాడు. అప్పటికే అతను పక్క ఊళ్ళో పట్టుచీరల పని నేర్చుకుంటున్నాడు.

ఆ చీరలు చూడటానికే సేటు మళ్ళీ వచ్చాడు. అత్త రుమాళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను మంచివాడు. చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈసారి మస్తు మంచిగ కుదిరినయమ్మా" అన్నాడు. అమ్ముడుపోవని తెలిసి కూడా సంచిలో పెట్టుకున్నాడు.

అత్త నా దిక్కు చూసింది. "ఈసారి అన్నడు, ఇన్నవా. అంటే పోయినసారి కుదరలేదనే కద."

నేను సేటుకు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అట్లా కాదని అతనితోనే చెప్పించి ఉండవచ్చు. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. చెంబు ఖాళీ కాగానే తీసుకుని లోపలికి పోయాను.

పట్టుకు నూనె అక్కర్లేదు. తొట్టిని బర్రెకు కుడితి పెట్టడానికి బయట వేశాం. కొన్ని ఇళ్ళవాళ్ళు షోలాపూర్ మిల్లులకు పోయారు. ఉన్నవాళ్ళూ పట్టుకు మళ్ళారు, ఎవరూ నూలు పట్టుకుని మా గడప తొక్కలేదు. తన చెంప మీద నమ్మకం పోయి రావడం లేదని అత్త అనుకుంది. ఇంట్లో నూనె వాసన ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. అన్నం మాత్రం సయించేది.

కొన్నేళ్ళకు ఆమె మంచం పట్టింది. రోజూ ఒకటే ప్రశ్న. "యాడ తప్పింది బిడ్డా, ఆ వాపసొచ్చిన మాల్‌ల?" రోజూ సుంకం సంగతే చెప్పేదాన్ని. తల అటు తిప్పుకునేది. ఒక మధ్యాహ్నం నాకు విసుగొచ్చిందో, జాలేసిందో, ఇప్పటికీ తెలియదు.

"నేను ఒక దినం ఎగ్గొట్టిన అత్తా. మబ్బు పట్టిందని నూలు ఎండబెట్టలే. నీకు చెప్పలే" అన్నాను.

అబద్ధం. ఆ నూలు పని ఒక్క రోజు కూడా తప్పలేదు.

అత్త తల ఇటు తిప్పింది. తర్వాత నా చెయ్యి తీసుకుని, నూలు చూసినట్టే, చెంపకు ఆనించుకుంది.

"అప్పుడు కొత్తదానివి గద. పోనియ్యి" అన్నది.

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.