జరుగు పిన్ని, ఇరుకు కణాలు

రెండు గదుల ఇంట్లో ఏడుగురం. మా బాబాయి భార్య పొద్దస్తమానం అనే మాట ఒక్కటే: "కాస్త జరుగు." సోఫాలో జరుగు, మంచం మీద జరుగు, అద్దం ముందు జరుగు. అందుకే ఆమెకు జరుగు పిన్ని అని పేరు పెట్టాం.

పిన్ని ఉద్యోగం ఒక పరిశోధనశాలలో. ఆపరేషన్లలో కోసి తీసిన కాలేయపు ముక్కల నుంచి కణాలు విడదీసి, మూత ఉన్న ప్లాస్టిక్ ప్లేట్లలో పెంచుతుంది. తర్వాత వాటికి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్ ఎక్కిస్తుంది. అది ప్లేటులో కాపురం పెడితేనే దాని మీద మందులు పరీక్షించడం కుదురుతుంది. జబ్బు చేయలేదని దిగులుపడే మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

దిగులు ఊరికే కాదు. ఎన్నిసార్లు ఎక్కించినా వైరస్ కణాల లోపలికి పోవడం లేదు. ఈసారీ కాకపోతే ఈ పని ఆపేసి, ఆమెను సీసాలు కడిగే విభాగానికి పంపిస్తానని పెద్ద సారు తేల్చేశాడు. ఫ్రీజర్లో మిగిలింది ఒక్క గొట్టం కణాలు.

నిజం చెప్పాలంటే తప్పు పిన్నిదే. తనకు ఇంట్లో దొరకని చోటు పాపం కణాలకైనా దక్కాలని, పెద్ద ప్లేట్లలో పలచగా పరిచేది. ఖాళీ దొరికేసరికి అవి కాళ్ళు బారజాపుకుని, తాము కాలేయమన్న సంగతే మరిచిపోయేవి. వైరస్ దూరే తలుపు కూడా వాటి ఒంటి మీద మిగిలేది కాదు. ఒక పాత ప్లేటు పారేయబోతూ మైక్రోస్కోపులో చూస్తే, అంచున ఇరుక్కున్న కాసిని కణాలు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయట. వైరస్ సోకినవాటికే ఆ రంగు పడుతుంది.

చివరి గొట్టాన్ని ఒకే చిన్న ప్లేటులో కిక్కిరిసేలా పోసింది. ఫలితం తేలేదాకా ఇంట్లో ఎవరినీ జరగమనలేదు. అది చూసే మాకు భయమేసింది.

ఒక సాయంత్రం నేను సోఫాలో పడుకుని ఉండగా, పిన్ని చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది.

"అంటుకుందిరా. ప్లేటంతా పచ్చగా ఉంది. సారు ఇంక నన్ను కదపనన్నాడు."

మా నానమ్మ, అంటే పిన్ని అత్తగారు, సందు దొరికితే వదలదు. "చూశావా, ఇరుకుగా ఉంటేనే ఎవరి పని వాళ్ళు చేస్తారు."

"అవి కణాలు అత్తయ్యా, నేను మనిషిని," అని పిన్ని నా కాళ్ళు పక్కకు నెట్టింది. "నువ్వు కాస్త జరుగు."