కార్డు వెనకవైపు

ఈ సాయంత్రం మా నాలుగేళ్ళ పాప టాబ్లెట్ మీద ఏనుగు బొమ్మ గీసి, టాబ్లెట్‌ను బోర్లా తిప్పి చూసి, "అమ్మా, ఇది వెనకవైపు గియ్యనివ్వట్లేదు" అని ఫిర్యాదు చేసింది. నవ్వాల్సిన మాటే, కానీ నాకు నవ్వు రాలేదు. పాపను నిద్రపుచ్చి, బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఇంటి వంటగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో నా ఉద్యోగం కాలేజీలు తిరిగి లైబ్రేరియన్లకూ లెక్చరర్లకూ వికీలు, అంటే అందరూ కలిసి రాసుకునే వెబ్ పేజీలు, సోషల్ మీడియా నేర్పడం. ఊరి బయట దేవనహళ్ళి దారిలోని ఒక కాలేజీకి ప్రతి శనివారం వెళ్ళేదాన్ని. లెక్చరర్లు ఫేస్‌బుక్ పేజీలో ఒకరికొకరు గుడ్ మార్నింగులు చెప్పుకోవడంతోనే గంట గడిపేసేవారు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న లైబ్రేరియన్ గారు మాత్రం, పలక మీద అక్షరాలు దిద్దినంత శ్రద్ధగా ఒక్కో మీటా నొక్కుతూ, పుస్తకానికో పేజీ చొప్పున డ్రాయర్లలోని కేటలాగు కార్డులన్నీ కాలేజీ వికీలోకి ఎక్కించారు. "మీతోపాటు మీ డ్రాయర్లకీ రిటైర్మెంటేనప్పా సార్!" అని ఎవరైనా ఏడిపిస్తే ఆయనే ముందు నవ్వేవారు.

మొదటివారం ఆయన ఒక కార్డును తిప్పి చూపించి, "ముందువైపు సరే. దీని వెనకవైపు ఏడుండాదమ్మా?" అని అడిగారు. కార్డుల వెనక పెన్సిలుతో సన్నటి రాత. ఆ పుస్తకాన్ని ఎవరు అడిగి తెప్పించుకున్నారో, ఏ పిల్ల మూడుసార్లు తీసుకెళ్ళిందో, ఏ పేజీ దగ్గర ఏడ్చానని చెప్పిందో. ప్రతి పేజీకీ చర్చ పేజీ అని ఇంకోటి ఉంటుంది, అదే వెనకవైపు అనుకోండి సార్ అన్నాను. వికీలో రాసింది ఎక్కడికీ పోదని కూడా అన్నాను. ఆ మాట నమ్మి ఆయన వెనక రాతలన్నీ చర్చ పేజీల్లోకి ఎక్కించి, కార్డులన్నీ పాత కాగితాలవాడికి వేసేశారు.

పాప పుట్టిన నెలలో, ఆ వికీ పెట్టించింది నేనే కాబట్టి, కాలేజీవాళ్ళు నాకు మెయిల్ పెట్టారు, కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నాం, పుస్తకాల పేజీలు తీసుకుంటే చాలా అని. పాపను కామెర్లకు దీపాల కింద పెట్టారు. ఆసుపత్రి వరండాలో నిలబడి, సరిగా చదవకుండానే, చాలు అని జవాబిచ్చాను. పేజీలు వెళ్ళాయి, చర్చ పేజీలు ఉండిపోయాయి, పాత వికీని తీసేశారు.

కొన్నాళ్ళకు లైబ్రేరియన్ గారు ఫోన్ చేశారు. ఆ కాలేజీలో చదువుతూ జబ్బుతో పోయిన ఒక అమ్మాయి తల్లి, రిటైరైన ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట, నా బిడ్డ ఏమేం చదివేదో చెప్పండి సార్ అని. ఆమెను లైబ్రరీకి తీసుకెళ్ళారట. "పుస్తకాల పేర్లుండాయి. వెనకవైపు తెరుచుకోలేదు. నువ్వొకసారి చూడమ్మా" అన్నారు. చూడడానికి ఏమీ లేదని, అది నా చేతులమీదుగానే పోయిందని చెప్పాను. ఆయన, పసిబిడ్డ తల్లివి, దిగులు పెట్టుకోవద్దన్నారు. తిట్టినా బాగుండేది. ఆ రోజు ఆమెకు రెండు పుస్తకాలు గుర్తు తెచ్చుకుని చెప్పారట. మూడోది నోటిదాకా వచ్చి ఆగిపోయిందట. ఆ తల్లి కాసేపు ఎదురుచూసి వెళ్ళిపోయిందట.

ఇప్పుడు ఏ పుస్తకమైనా క్షణంలో దొరుకుతుంది. అది ఎవరిని ఏడిపించిందో మాత్రం ఎక్కడా ఉండదు. మా పాప ఫోటోలు మూడు చోట్ల దాచుకుంటాను, అయినా భయం తీరదు. అందుకే దాని కథల పుస్తకాల వెనక అట్ట లోపల పెన్సిలుతో రాస్తున్నాను, ఏ బొమ్మ దగ్గర ఆగిందో, ఏం అడిగిందో. రేపు ఆ ఏనుగును కాగితం మీద మళ్ళీ గియ్యమని అడగాలి. గీస్తుందో లేదో.