అడిగేవాడి కాళ్లు

పోయిన ఆదివారం పొద్దున ఎనిమిది దాటినా మా వీధి చివరనున్న చర్చి తలుపు తెరుచుకోలేదు. ప్రార్థనకు వచ్చినవాళ్లు చెప్పులు విడిచి మెట్ల మీదే నిలబడ్డారు. తాళంచెవి టీచరమ్మ దగ్గరుంటుంది. ఆమె ఒక్క ఆదివారమైనా ఆలస్యం చేసినట్టు ఎవరికీ గుర్తు లేదు. ముందుగా వచ్చి వాకిలి ఊడుస్తున్న ఆమె చెల్లెలు చీపురు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తింది. టీచరమ్మ తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. తాళంచెవి పిడికిట్లోనే ఉంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఒక మూల రెండు వాక్యాలు వేశారు. రిటైరైన ఉపాధ్యాయిని అన్నారు, సౌమ్యురాలు అన్నారు. నవల మాట లేదు. ఆమె జీవితంలో ఒక్క నవల రాసింది. అది మంచి నవల. ఆ ముక్క ఆమె బతికుండగా నేను చెప్పలేదు. కర్నూలులోనూ కడపలోనూ శాలువాలు కప్పుకుని తిరిగే పెద్దమనుషులూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను బేతంచెర్ల గూడ్సు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. బండలు ఎక్కించి వ్యాగన్లు కదిలేదాకా చేసే పనేమీ ఉండదు గనక చదివాను. చేతికందిందల్లా చదివాను. పత్రికలకు సమీక్షలు రాశాను. నా సమీక్ష దెబ్బకు కవిత్వం మానేసినవాళ్లు ఇద్దరున్నారని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. రిటైరయ్యాక మా ఇంటి ముందర నాపరాతి అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చోవడం అలవాటైంది. మోకాళ్లు వంగవు కాబట్టి కాళ్లు చాపుకుంటాను. మా సందు చాలా ఇరుకు. నా కాళ్లు చాపితే దారి సగానికి పైగా మూసుకుపోతుంది. వచ్చేవాళ్లు ఆగాలి, నేను తల ఎత్తాలి, కాళ్లు ముడవాలి.

తల ఎత్తగానే ఒక మాట అడిగేవాణ్ణి. "యాడికి పోతాండావు?" మా పక్క ఇది పలకరింపు. బాగున్నావా అన్నట్టే. మగవాణ్ణి అడిగితే చెయ్యి అటు ఊపి, "ఇట్లా పోయొస్తా పెద్దాయనా" అని దాటిపోతాడు. ఆడపిల్ల అట్లా చెయ్యి ఊపితే చెల్లదు. కొళాయి కాడికి, పిండిమర కాడికి, బడికి అని ఒక చోటు పేరు చెప్పాలి. చెప్పాకనే నేను కాళ్లు ముడిచేవాణ్ణి. ఇందులో తప్పుందని నాకు డెబ్బై ఏళ్లకు గానీ తెలియలేదు.

మా సందులోనే మద్దిలేటి అని, బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోతమిషను మీద పనిచేసేవాడు ఉన్నాడు. అతని కూతురు సుంకులు. తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం నా కాళ్ల ముందు ఆగింది. యాడికి అని అడిగాను. టైలరు దగ్గరికి తాతా అంది. సాయంత్రం నేను పాత స్నేహితులను చూద్దామని స్టేషనుకు పోతే, ఆ పిల్ల ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. బండి వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. చూస్తూ కూర్చుంది, అంతే.

దారిలో టీ అంగడి దగ్గర మద్దిలేటి కనబడ్డాడు. ఏదో మాట కలపాలి కదా. "మీ పాప టైలరు కాడికని చెప్పి స్టేషన్లో కూర్చోనుండాదప్పా" అన్నాను. చాడీ చెప్పాలని కాదు. మర్నాటి నుంచి సుంకులు బడికి పోలేదు. తండ్రి కళ్లెదుట ఉంటుందని అదే ఫ్యాక్టరీలో పాలిష్ బండలు తుడిచి పేర్చే పనిలో పెట్టారు. ముఖమంతా తెల్లటి రాతిపొడితో సాయంత్రం తండ్రి వెనకాలే వచ్చేది. అప్పుడు నేను అడగాల్సిన పని కూడా లేకపోయింది.

మూడోరోజు టీచరమ్మ మా అరుగు దగ్గరికి వచ్చింది. సుంకులు ఆమె తరగతి పిల్ల. తగవుకు వచ్చిందనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె గొడుగు మడిచి, గోడకు ఆనించి, మెల్లగా అడిగింది.

"ఆ పిల్లను మీరేమడిగినారు సార్?"

"యాడికి పోతాండావని అడిగినా. అబద్ధం చెప్పింది."

"అది యాడికీ పోలేదు కదా సార్. ఊరికెనే పోయింది. మీకు చెప్పేదానికి ఒక జాగా పేరు కావల్లని టైలరు అనింది."

ఊరికెనే తిరిగే ఆడపిల్లల గతి ఏమవుతుందో నేను చదివిన పుస్తకాల్లోంచి రెండు ఉదాహరణలు చెప్పాను. ఆమె పూర్తిగా విని, సరే సార్ అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నవల ఆ వారమే మొదలైందని తర్వాత తెలిసింది.

టీచరమ్మది పత్తికొండ దగ్గర పల్లె. తల్లిదండ్రులు చేలల్లో కూలికి పోయి చదివించారు. బోర్డు మీద రాసే ముందు కొత్త సుద్దముక్కను రెండుగా విరిచేది. "సగం నాకు, సగం లేచి వచ్చేవాళ్లకు" అనేది. లేచి వచ్చే పిల్ల లేకపోతే ఆ సగం అట్లాగే బల్ల మీద ఉండేది, ఆమె వాడేది కాదు. నవల కూడా ఆమె అట్లాగే రాసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాలిష్ ఫ్యాక్టరీల పిల్లలు ఆమె వరండాలో చేరేవాళ్లు. ఏ మతం పిల్లలైనా సరే. బొరుగుల ఉగ్గాని చేసి పెట్టేది. వరండాలో పరిచినవి మా ఊరి నల్లబండలే. వాటి మీద సుద్దతో ఒక పట్నం పటం గీసేది. నూరేళ్ల తర్వాత రాబోయే పట్నం అది. ఒక చింతగింజ ఆ పటం మీద ఉండేది. ఆ గింజే కథలో పిల్ల. పేరు దీవెన. పదిహేనేళ్లు.

ఆ పట్నానికి చుట్టూ రాతిగోడ. ప్రతి సందు మొదట్లో ఒక అడిగేవాడు కూర్చుని ఉంటాడు. ఆడపిల్లల మెడలో ఒక్కొక్క పలక వేలాడుతుంది. ఎక్కడెక్కడికి పోవచ్చో దాని మీద చెక్కి ఉంటుంది. యాడికి అని అడగ్గానే పలక మీది చోటు ఒకటి చెప్పాలి. లేని చోటు చెబితే పలకలో ఒక పేరు చెరిపేస్తారు. ఒక పేరూ మిగలని వాళ్లు ఇల్లు కదలరు. దీవెన అమ్మ పలక నున్నగా ఉంటుంది. ఒకరోజు దీవెనను అడిగితే, "ఊరికెనే" అంటుంది. అడిగేవాడు తెల్లబోతాడు. చట్టంలో ఆ జవాబుకు శిక్ష రాయలేదు, ఎందుకంటే అంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు. వారం తిరిగేసరికి పట్నంలో పిల్లలంతా అదే మాట అంటారు. అక్కడి నుంచి చెరసాల, పారిపోవడం, పోరాటం.

ప్రతి ఆదివారం టీచరమ్మ ఒక అధ్యాయం చదివేది. నచ్చకపోతే పిల్లలు చింతగింజను వెనక్కి జరిపేవాళ్లు. మళ్లీ రాయాల్సిందే. మూడు రోజులు గుట్టల్లో నడిచింది కదా, చెప్పులు యాడివి టీచర్ అని ఒకతి అడిగిందట. నీళ్లు తాగకుండా ఎట్లా పరిగెత్తిందని ఇంకొకతి. సుంకులు ఆ అధ్యాయాలకు శుద్ధప్రతి రాసేది. టీచరమ్మ ఇంటికి అంటే మద్దిలేటి అడ్డు చెప్పేవాడు కాదు. ఆ పిల్ల పలకలో మిగిలిన పేరు అదొక్కటే.

రాయడం పూర్తయ్యాక అభిప్రాయం కోసం నోటుపుస్తకాలు నాకే ఇచ్చింది. మూడు పేజీలు రాసిచ్చాను. ఇట్లాంటి ఊరు ఎక్కడా ఉండదు, కల్పన హద్దు మీరింది అన్నాను. అన్నిటికంటే ముగింపును చీల్చి చెండాడాను. చివరి అధ్యాయంలో దీవెన ఆఖరి వాకిలి దగ్గరికి వస్తుంది. అక్కడొక ముసలి అడిగేవాడు దారికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు. ఆమెను చూసి, ఏమీ అడగకుండా కాళ్లు ముడుచుకుంటాడు. నవల అక్కడ ఆగిపోతుంది. ఆ ముసలివాడు మారతాడనడానికి పుస్తకంలో ఒక్క ఆధారమైనా లేదని రాశాను.

ఆమె ఆ మూడు పేజీలూ నా ముందే నిలబడి చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆ ముసిలాయన మీద నాకు నమ్మకం ఉండాది సార్" అంది.

రచయితల మొండితనం అనుకున్నాను.

కర్నూలులో ఒక డీటీపీ సెంటర్లో కొట్టించి, కొన్ని ప్రతులు వేయించింది. కడపలో ఒక సాహిత్య సభలో పది నిమిషాలు ఇచ్చారు. అధ్యక్షపీఠం మీది పెద్దాయన, పేరు రాయను, చదివితే ఆయనకే తెలుస్తుంది, లేచి మన సీమలో ఆడపిల్లకు ఏం తక్కువైంది తల్లీ అన్నాడు. దీవెనకు చివర్లో పెళ్లి చేసి ఉంటే కథ నిండుగా ఉండేదన్నాడు. టీచరమ్మ మైకు దగ్గరికి పోయి, ఈ హాలుకు రావడానికి ఇంట్లోనో వీధిలోనో ఎవరికీ జవాబు చెప్పకుండా వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది అని అడిగింది. ఉన్నదే నలుగురు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మగవాళ్లం ఎవరమూ నవ్వలేదు. నేను ముందు వరుసలో ఉన్నాను. పెద్దాయన మాటకు చప్పట్లు కొట్టినవాళ్లలో ఉన్నాను. తిరుగు బస్సులో ఆమె నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. దారి పొడుగునా వేయించిన శెనక్కాయలు వలిచి పెట్టింది. నేను తిన్నాను.

సభలో గెలవని పుస్తకం మా సందులో గెలిచింది. సుంకులు ప్రైవేటుగా పది కట్టి పాసైంది, ఇంటరూ అయింది. కడపలో డిగ్రీ, హాస్టలు అనేసరికి మద్దిలేటి ససేమిరా అన్నాడు. టీచరమ్మ అతనితో వాదించలేదు. ఒక ఆదివారం వచ్చి కూర్చోమంది. అతనికి చదువు రాదు. కూతురే చివరి అధ్యాయం చదివి వినిపించింది. అతను తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడట. అయిపోయాక ఒక్క మాట అడిగాడని టీచరమ్మే నాకు చెప్పింది.

"ఆ పాప మళ్ల ఇంటికొస్తాదా టీచరమ్మా?"

"యాడికి పోతాండావని ఎవురూ అడక్కపోతే వస్తాది మద్దిలేటీ."

ఆ జూన్‌లో తనే ట్రంకుపెట్టె మోసుకుని కూతుర్ని కడప బస్సు ఎక్కించాడు. ప్రతి సెలవుకూ ఆ పిల్ల ఇంటికి వస్తూనే ఉంది.

ఆదివారం కబురు తెలిసి నేను కర్ర పట్టుకుని టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమెను వరండాలోనే పడుకోబెట్టారు. కిందటి వారం గీసిన పటం బండల మీద అట్లాగే ఉంది. ప్రతి ఏడూ వచ్చే కొత్త పిల్లలకు ఆమె నవలను మొదటినుంచి చదువుతూనే ఉందని నాకప్పుడే తెలిసింది. జనం ఆ గీతలు తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు. నేను కళ్లద్దాలు సర్దుకుని చూశాను. ఆఖరి వాకిలి ఉన్న సందు మొదట్లో కొళాయి. తర్వాత వంగిన కరెంటు స్తంభం. తర్వాత పిండిమర. తర్వాత అరుగు. అరుగు నుంచి దారికి అడ్డంగా రెండు గీతలు.

గోడ పక్కన పదేళ్ల పిల్ల ఒకతి పక్కనున్న పిల్ల చెవిలో, "అడిగే తాత వచ్చినాడు" అంది. పక్క పిల్ల మోచేత్తో పొడిచింది. అంటే ఊరందరికీ తెలుసు. ఎవరెవరి పుస్తకాల్లోనో ఎవరెవరి నీడలున్నాయో కనిపెట్టి సమీక్షలు రాసిన వాడికి తన కాళ్లు కనబడలేదు. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారైనా చెప్పలేదు. మారతాడనే ఆధారం లేదని నేను రాసిచ్చిన మూడు పేజీల తర్వాత కూడా ముగింపు మార్చలేదు.

సుంకులు కడప నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. టీచరమ్మ పిడికిట్లోని తాళంచెవి తీసి చర్చి తెరిచింది ఆమే.

నిన్న పొద్దున అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఒళ్లో టీచరమ్మ నవల. కొళాయి దగ్గర సుంకులు కనబడింది. చేతిలో సంచీ లేదు, బిందె లేదు. ఆమె కరెంటు స్తంభం దాటకముందే నేను కాళ్లు ముడవడం మొదలుపెట్టాను. నా మోకాళ్లకు అది చిన్న పని కాదు. రెండు చేతులతో ఒక్కొక్క కాలూ ఎత్తి అరుగు మీదికి పెట్టుకున్నాను. ఆ పిల్ల అలవాటు కొద్దీ నా ముందు ఆగింది. నన్ను చూసింది. నేను యాడికి అని అడగలేదు. ఆమె ఖాళీగా ఉన్న దారిని చూసి, నడిచి వెళ్లిపోయింది.

మా సందు చివర ఎడమకు తిరిగితే స్టేషను, కుడికి తిరిగితే చర్చి, దాని వెనక టీచరమ్మను పూడ్చిన కొత్త మట్టి. చెప్పుల చప్పుడు ఆ మలుపు దాకా వినబడింది. ఎటు తిరిగిందో నేను చూడలేదు. మోకాళ్లు సలుపుతున్నా కాళ్లు దించకుండా, పుస్తకంలోకి తల వంచుకుని కూర్చున్నాను.