తీయకుండా ఉంచిన ఫోటో

మా ఎదురింటి అత్తయ్యగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విజయవాడ బస్టాండులో టిఫిన్ చేస్తున్నాను. "రాత్రి నిద్రలోనే పోయిందే. పాలబ్బాయి ఎంత పిలిచినా పలకలేదట," అంది అమ్మ. చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. ఊరి బస్సెక్కాక, కరకట్ట మీంచి కృష్ణ కనబడిన ప్రతిచోటా ఏడుపొచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసి, రిటైరయ్యాక కెమెరా కొనుక్కుని, మా చిన్న ఊళ్లో ఏటి ఒడ్డునున్న పాత కట్టడాలన్నిటినీ ఫోటోలు తీసుకుంటూ తిరిగిన మనిషి. ఆదివారం నేను ఇంటి దగ్గరుంటే చాలు, తోడు లాక్కెళ్లేవారు.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. "తలుపు తట్టకుండా గోడను కూడా ఫోటో తీయకూడదే," అనేవారు. కాలవ లాకుల పక్కన ఎన్నాళ్లుగానో ఖాళీగా పడున్న బంగళా ముందు నిలబడి కూడా "ఎవరండీ లోపల?" అని పిలిచి, కాసేపు ఆగేవారు. "గబ్బిలాలు పలుకుతాయా అత్తయ్యగారూ?" అని నేను వేళాకోళం చేస్తే, "పలక్కపోతే పోనీ, అడిగాం కదా," అనేవారు. వెలుతురు నచ్చకపోతే రేవు మెట్ల మీద చతికిలబడి, సంచీలోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసేవారు. నేను వాచీ చూసుకుంటే ఆవిడకి ఒళ్లుమండేది. "ఎండ ఎక్కడికీ పోదు. నువ్వే పోయేట్టున్నావు, కూర్చో!"

మొదట్లో ఒక తమాషా జరిగింది. పడవల వ్యాపారం నాటి మండువా ఇల్లొకటి ఉంది మా ఊళ్లో. వచ్చే ఆదివారం ఫోటో తీసుకుంటామని ఆ ఇంటావిడకి చెప్పి వచ్చాం. తీరా వెళ్లేసరికి నల్లబడిన టేకు స్తంభాలకి చిలకాకుపచ్చ పెయింటు! గుమ్మానికి బెలూన్లు! అత్తయ్యగారి ముఖం చూడాలి. ఇంటావిడ మాత్రం, "ఫోటో అంటే మాటలాండీ? ముఖం కడుక్కోకుండా ఎవరైనా తీయించుకుంటారా?" అంది. అత్తయ్యగారు బుద్ధిగా ఫోటో తీసి, సందు మలుపు తిరిగాక కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. ఇంటికొచ్చాక, "ఫోటో అనేసరికి ఆ చూరు కూడా బాగుచేయించారు చూశావా?" అన్నారు.

ఆ ఆలోచనే రేవు గిడ్డంగి దగ్గర పనికొచ్చింది. గానుగ సున్నంతో కట్టిన గోడలు, బంగాళా పెంకులు, ఏటివైపు పొడుగాటి వరండా. మా ఊరికి పడవలొచ్చేవని చెప్పడానికి మిగిలిన గట్టి సాక్ష్యం అదొక్కటే. దాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టడానికి సొంతదారు సాయిబుగారు బిల్డరుతో మాట్లాడుకున్నారని తెలిసిన రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు వెళ్లి, "పడగొట్టే ముందు ఒక్క ఫోటో తీసుకోనిస్తారా సాయిబుగారూ?" అని అడిగారు. "అదెంత భాగ్యం అమ్మగారూ," అన్నారాయన.

అనుకున్న రోజుకి ఆయన వరండా ఊడ్పించి, ఇస్త్రీ లాల్చీ వేసుకుని నిలబడ్డారు. అత్తయ్యగారు కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపారు. "పెంకులు జారినచోట నల్లగా పడుతోందండీ. సర్దించండి, వచ్చే నెల వస్తాను." పెంకులు సర్దించారు. అప్పుడు తలుపు ఓరగా ఉందన్నారు. తలుపు బాగయ్యాక గోడలో మొలిచిన రావి మొక్క అడ్డమన్నారు. "మా అమ్మాయి నిఖాకి కూడా ఫోటోలవాళ్లు ఇంత తిప్పలేదమ్మా," అని ఆయన విసుక్కుంటూనే చేయించేవారు. పైకప్పు కారడం ఆగిపోయేసరికి చేపలవాళ్లు వచ్చి వలలు పెట్టుకోవడానికి సగం అద్దెకి తీసుకున్నారు. వరండాలో టీకొట్టు వెలిసింది. బిల్డరు ఫోన్ చేసినప్పుడల్లా సాయిబుగారు, "ఫోటో అవనీవయ్యా," అనేవారు.

"ఫోటో ఎప్పుడో బాగా వచ్చేది కదా అత్తయ్యగారూ?" అని అడిగానొకసారి.

"రాకేం? తీశామంటే పడగొట్టేస్తాడు," అన్నారు, వేరుశనక్కాయ వలుస్తూ.

ఆ ఫోటో తీయకుండానే ఆవిడ వెళ్లిపోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు సాయిబుగారి దగ్గర్నుంచి కబురు: అత్తయ్యగారి కెమెరా పట్టుకుని ఒకసారి రమ్మని. ఇన్నాళ్లూ ఆవిడ ఆపింది నా చేతిమీదుగా కూలిపోతుందా అనుకుంటూ, కాళ్లీడ్చుకుంటూ రేవుకి వెళ్లాను.

సాయిబుగారు టీ ఇప్పించారు. తనూ ఒక గ్లాసు తీసుకున్నారు.

"ఆవిడ ఎందుకు తిప్పుతున్నారో రెండోసారికే నాకు తెలిసిపోయిందమ్మా," అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"మా తాత కట్టింది. పడగొడదామంటే నాకు మాత్రం చేతులొస్తాయా? బిల్డరు దగ్గర నోరు జారాను. వెనక్కి తీసుకోడానికి ఏదో ఒక సాకు కావాలిగా. ఆవిడే ఇచ్చారు." గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగారు. "ఇప్పుడతను మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. ఏం చెప్పమంటావు? నువ్వు చూసి చెప్పు, ఫోటోకి రెడీయేనా?"

కళ్లు తుడుచుకుని కెమెరా ఎత్తాను. సాయంత్రపు ఎండ గోడలంతా పరుచుకుంది. పెంకులు ఒక్కటీ తప్పకుండా వరసలో ఉన్నాయి. తలుపు తిన్నగా ఉంది. వరండాలో ఇద్దరు ఆడవాళ్లు వల విప్పుతూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఎంత వెతికినా లోపం కనబడలేదు. ఇంత మంచి ఫోటో నాకు మళ్లీ దొరకదు.

"ఏట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయండీ," అన్నాను. "బ్యారేజీ నుంచి వదిలాక చూద్దాం."

"నేనూ అదే అనుకున్నా," అన్నారు సాయిబుగారు. ఆయన ఫోన్ తీసి బిల్డరు నంబరు నొక్కుతుంటే, నేను కెమెరాకి మూత పెట్టి, వల విప్పేవాళ్ల పక్కన వరండా అంచున కూర్చున్నాను. ఎండకి కాగిన ఆ గోడ నా వీపుకి వెచ్చగా తగిలింది.