మిగిలిన సీసా

బూట్ల ఫ్యాక్టరీలో అందరూ బంకాయన అని పిలిచే ఆయన మనుషుల మొహాలు చూడడు, కాళ్ళే చూస్తాడు. "నా మొహం ఎలా ఉంటుందో గుర్తుందా?" అని భార్య దెప్పుతుంది. ఆయన పని బంక కలపడం. రోజుకి ఒకటే డబ్బా బంక, దానికి చిన్న సీసాడు హార్డెనర్, అంటే బంకని గట్టిపరిచే మందు, పోయాలి. తేమ తగిలితే పాడైపోయే సరుకది, అందుకే పోసేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాడు. అది పోయకపోయినా బూటు అడుగు సోలు అంటుకుంటుంది, కానీ ఎండలో నాలుగు రోజులు నడిస్తే ఊడొస్తుంది. రెండేళ్ళ కిందట అలమర దులుపుతుంటే మూత తీయని సీసా ఒకటి బయటపడింది. అంటే ఏదో ఒక రోజు డబ్బాలో పోయలేదు. అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజే అయ్యుంటుందనుకున్నాడు. సోళ్ళ మీద రోజుకో నంబరు ముద్ర పడుతుంది, ఆ రోజుది 614. ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ ఎవరు మెట్లు దిగుతున్నా, సోలు ఊడి పడతారేమోనని వాళ్ళ కాళ్ళే చూస్తాడు.

నిన్న బస్సులో ఎదురు సీటు పెద్దాయన కాలు మీద కాలు వేసుకున్నాడు. సోలు మీద, మడమకి ముందున్న పల్లంలో 614.

"బాబాయ్, ఒక్కసారి ఆ బూటు చూడనిస్తారా?"

"చూడు నాయనా. రెండేళ్ళుగా ఇవే తొడుగుతున్నా, చెక్కుచెదరలేదు."

బంకాయన సోలు అంచున గోరు దూర్చాడు. గోరు విరిగింది గానీ సోలు కదల్లేదు. హమ్మయ్య అనబోయి ఆగిపోయాడు. ఆ రోజు పోశాడన్నమాట. మరి పోయనిది ఏ రోజు? ఇన్నాళ్ళూ ఒక్క నంబరే వెతికాడు. ఇప్పుడు బస్సు నిండా కాళ్ళు.