మే నెలలో జెండా

జావా దీవిలోని సోలో నగరంలో పెద్ద బజారు వెనక సందులో జెండాలు కుట్టే దర్జీ ఒక్కడే. అసలు పేరు క్వీ తియోంగ్ బింగ్. ముప్పై ఏళ్ళ కిందట చీనావాళ్ళంతా పేర్లు మార్చుకుంటే మంచిదని సర్కారు చెప్పినప్పుడు బింతొరో అయ్యాడు. కాగితాల్లో బింతొరో, సందులో మాత్రం కో బింగ్. కో అంటే చీనావాళ్ళ మాటలో అన్న. ముసలీ ముతకా అందరికీ ఆయన అన్నే.

ఆగస్టు దేశం పుట్టిన నెల. ఒకటో తారీఖు పొద్దుటికల్లా ప్రతి గుమ్మానికీ ఎరుపూ తెలుపూ జెండా ఎగరాలి. ఎగరకపోతే మర్వోతో అనే వీధిపెద్ద వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటాడు. ఆ సవరింపు చాలు. అందుకని జూన్ నుంచే కో బింగ్ మిషనుకి ఊపిరాడదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేటప్పుడు ఆయన పెదవుల మధ్య లవంగం సిగరెట్టు ఉండాల్సిందే. జెండా పని మొదలైందంటే ఆ సిగరెట్టు ఉండదు. చెప్పులు బయట విడిచి, చాప పరిచి, దానిమీద గుడ్డ పరుస్తాడు. వెలిసిపోయిన జెండాకి అతుకు వెయ్యమని ఎవరైనా తెచ్చారో, అయిపోయారే.

"పెళ్ళానికి కొత్త బాతిక్ బట్ట కొనడానికి చేతులొస్తాయి, దీనికి మాత్రం అతుకా? సిగ్గులేదూ!" అని నలుగురూ వినేలా చివాట్లు పెట్టి, కొత్తది కుట్టి సగం ధరకే చేతిలో పెట్టేవాడు.

ఆయన తండ్రి పుట్టిందీ పోయిందీ ఈ సందులోనే. చీనా భాషలో కో బింగ్‌కి నాలుగు మాటలు కూడా రావు. తిట్టినా జావా భాషలోనే తిడతాడు. అయినా పెళ్ళి రాయించుకోవాలన్నా, కొట్టుకు లైసెన్సు కావాలన్నా, తాను ఈ దేశంవాడినేనని రుజువు చేసే కాగితం చూపించాలి. మర్వోతోని ఎవరూ అడగరు. ఎదురింట్లో కొబ్బరిపాల అన్నం వండి అమ్మే లాస్త్రిని ఎవరూ అడగరు. ఈయన్ని మాత్రం ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా అడుగుతారు. ఒళ్ళు మండదూ మరి?

ఈయనకు మండేది కాదు. నవ్వేవాడు.

"పోయినేడు చూపించాను కద బాబూ. ఈ ఏడాదిలో నేనేమైనా మారిపోయానా?" అనేవాడు గుమాస్తాతో.

"నువ్వు మారలేదు కో. నా కుర్చీలో మనిషి మారాడు. చూపించు."

దేశం జెండాలు కుట్టేవాణ్ణి దేశం ఎలా కాదంటుంది అని ఆయన ధీమా. ఎవరితోనూ పైకి అనేవాడు కాదు గానీ, ఆ ధీమా మీదే బతికాడు.

తొంభై ఎనిమిది మే నెలలో బియ్యం, నూనె ధరలు ఆకాశాన్నంటాయి. రాజధానిలో తుపాకులు పేలి విద్యార్థులు చచ్చిపోయారని రేడియో చెప్పింది. ఆ వారం గురువారం పొద్దున ఆకాశం కింది అంచు నల్లగా ఉంది. వాన మబ్బు కాదు, రబ్బరు కాలిన వాసన. బజారు వైపు వెళ్ళిన లాస్త్రి అన్నం గిన్నె దించకుండానే తిరిగొచ్చింది. "చీనావాళ్ళ కొట్లు తగలబెడుతున్నారు కో. వరసపెట్టి," అంది. ఇంకేమీ చెప్పకుండా తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆమె తలుపు పగటిపూట మూసి ఉండడం ఆయన ఎన్నడూ చూడలేదు.

పది గంటలకల్లా సందులో ప్రతి తలుపు మీదా, ప్రతి షట్టరు మీదా సున్నంతో 'ప్రిబుమి' అన్న అక్షరాలు లేచాయి. ఈ నేలవాళ్ళ ఇల్లు అని దాని అర్థం. చివరికి మర్వోతో చేతిలో కుంచెతో కో బింగ్ కొట్టు ముందుకు వచ్చాడు.

"నీదొక్కటే మిగిలింది. రాసేస్తాను, లోపలికి పో."

"ఏమని రాస్తారు?"

"అందరికీ రాసిందే. ఏం రాస్తాను, కవిత్వమా?"

"మర్వోతో గారూ, నేనీ నేలవాణ్ణి కాదా?"

మర్వోతో తలెత్తలేదు. "నువ్వెవరో నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు."

"నేను ఈ నేలవాణ్ణయితే గోడమీద రాసుకోనక్కర్లేదు. కాకపోతే అది అబద్ధం. నా షట్టరు మీద నేను అబద్ధం రాయించను. జెండా పెడతాను. జెండా మీద రాయి ఎవడు వేస్తాడు?"

"కో, ఇది ఆగస్టు కాదు."

"జెండాకి నెలలుంటాయా?"

మర్వోతో గొంతు కూడా సవరించుకోకుండా వెళ్ళిపోయాడు. లోపల నుంచి భార్య లియెన్ అంతా విన్నది.

"ఏమండీ, మీ పంతం మీ ఒక్కరిదీ కాదు. ఇంట్లో నేనున్నాను," అంది.

"అందుకే పెడుతున్నాను," అన్నాడాయన. కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద జెండా తీసి, కర్రకు గుచ్చి, గుమ్మానికి కట్టాడు. పెట్టెలోంచి అప్పుడే తీసిన గుడ్డ, మడతలు కూడా విడలేదు. షట్టరు దించి లోపల గొళ్ళెం పెట్టుకున్నాడు. ఆయన మనసు కాస్త కుదుటపడింది, పాపం.

మధ్యాహ్నం రెండింటికి సందు మొగలో అడుగుల చప్పుడు వినిపించింది. ముందు పదిమందివి అనిపించింది, తర్వాత లెక్క తప్పింది. మిషను వెనక నేలమీద లియెన్ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె గోళ్ళు దిగుతున్నా ఆయనకు తెలియలేదు. అడుగులు ఒక్కో ఇల్లే దాటుకుంటూ వచ్చాయి. రాసి ఉన్న ఇళ్ళ ముందు ఎవరూ ఆగలేదు. కొట్టు ముందు ఆగారు.

"ఒరేయ్, ఇక్కడ చూడండి. మే నెలలో జెండా!" అందొక పడుచు గొంతు.

"కొత్తదిరా. మడతలు కూడా పోలేదు."

"మనవాడైతే ఇప్పుడెందుకు కడతాడు? భయపడే వాడే కడతాడు."

నలభై ఏళ్ళు జెండాలు కుట్టినవాడికి ఈ సంగతి తట్టనే లేదు. పెట్రోలు వాసన షట్టరు కింది సందులోంచి లోపలికి వచ్చింది.

"ఎవరిదీ కొట్టు?"

"దర్జీది." అది మర్వోతో గొంతు. "బింతొరో. మా జావావాడే. వాళ్ళ ఊళ్ళో చావైతే పెళ్ళాన్ని తీసుకుని పోయాడు."

"జావావాడేనా? చీనావాడని విన్నామే."

"చీనావాడా!" ఫక్కున నవ్వింది లాస్త్రి. రోజూ అన్నం పొట్లం కడుతూ నవ్వే నవ్వే అది, ఒక్క తేడా లేదు. "ఈ సందులో చీనావాళ్ళు ఏనాడున్నారు నాయనా? ఉంటే మీరు వచ్చేదాకా ఆగుతామా? మేమే తగలబెట్టి ఉండేవాళ్ళం."

బయట అందరూ నవ్వారు. మర్వోతో కూడా నవ్వాడు. ఇంకా ఎవరెవరో నవ్వారు. ఒక్కొక్క నవ్వూ ఏ ఇంటిదో లోపలున్న ఆయనకు తెలుసు.

"మరి అందరూ రాసుకుంటే వీడెందుకు రాయలేదు?"

"తాళం వేసి పోయాడుగా," అన్నాడు మర్వోతో.

"అయితే మేం రాస్తాం. జెండా ఇటివ్వు, మాకు పనికొస్తుంది."

కర్ర విరిగిన చప్పుడు వినిపించింది. ఎవరో రంగు చిమ్మే డబ్బా ఆడించారు. షట్టరు మీద రంగు బుస్సుమంది. రేకు పాతది, వదులుది. రాసేవాడి చెయ్యి ఆనినప్పుడల్లా గడగడలాడింది.

"ఛీ, ఊగుతోందిరా. సరిగ్గా పడటం లేదు," అన్నాడు బయటివాడు విసుగ్గా.

కో బింగ్ లేచాడు. లియెన్ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన మెల్లగా ఆమె వేళ్ళు విడిపించి, అడుగు చప్పుడు కాకుండా షట్టరు దగ్గరికి వెళ్ళాడు. రెండు అరచేతులూ, నుదురూ రేకుకి ఆనించి, అది కదలకుండా లోపల నుంచి గట్టిగా పట్టుకున్నాడు. అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.