నిఖిల కొసరు కెమిస్ట్రీ

తాండూరు బజారులో కందిపప్పు కావాల్సిన వాళ్లు రెండు దుకాణాలు దాటుకుని మరీ నిఖిల దగ్గరికి వస్తారు. పప్పు అందరి దగ్గరా అదే. కానీ కాంటా సరిగ్గా నిలబడ్డాక నిఖిల ఇంకో పిడికెడు కొసరు వేస్తుంది. ఆ అలవాటు అత్త మొగులమ్మ నేర్పింది. కొసరు లేకుండా పంపితే గిరాకీ మళ్లీ గడప తొక్కదని ఆవిడ గట్టి నమ్మకం. ఇన్నేళ్లకు, నిఖిల ఆపాలన్నా ఆ చెయ్యి ఆగదు.

అలాంటి మనిషి ఈ ఏడు కెమిస్ట్రీ పట్టుకుని కూర్చుంది. పెళ్లికి ముందు ఇంటర్‌లో ఆ ఒక్క సబ్జెక్టు పోయింది. తర్వాత పెళ్లి, దుకాణం, పిల్ల. ఎంత చదివావని ఎవరైనా అడిగితే “ఇంటర్” అనేసి, వెంటనే చాయ్ తాగుతారా అని మాట మార్చేది. ఆ సిగ్గు ఆమెను ఎంత తినేసిందో ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఓపెన్ స్కూల్లో చేరిన రోజు మాత్రం భర్త అనిల్‌కుమార్‌కు తేల్చి చెప్పింది. “గీసారి పోతే మళ్ల పుస్తకం ముట్టను.”

పాఠం చెప్పేది కూతురు ప్రణవి, ఇంటర్ రెండో ఏడు. టీచరుగా ఆ పిల్ల మహా కోపిష్ఠి.

బంధాలు నిఖిలకు ఇట్టే ఎక్కాయి. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, ఆ పైన రెండూ ఒకదాన్నొకటి వదలవు. అది అయానిక బంధం. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్ వేసి ఆ జంటను కలిసి వాడుకుంటే సమయోజనీయం. “మన బోరు లెక్క,” అంది నిఖిల. పక్కింటికీ వీళ్లకూ ఒకటే బోరు, ఎవరిని అడిగినా మాదే అంటారు. ప్రణవికి నవ్వొచ్చింది కానీ తప్పు పట్టలేకపోయింది.

ఆక్సీకరణ, క్షయకరణాల దగ్గర బండి ఆగింది. ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఆక్సీకరణం, పుచ్చుకుంటే క్షయకరణం. ఇచ్చినవి ఎన్నో, పుచ్చుకున్నవీ అన్నే ఉండాలి. అల్యూమినియం మూడు ఇస్తుంది, ఆక్సిజన్ రెండు పుచ్చుకుంటుంది. అందుకే రెండు అల్యూమినియాలకు మూడు ఆక్సిజన్లు. అటు ఆరు, ఇటు ఆరు. నిఖిల ఎన్నిసార్లు రాసినా ఇచ్చే వైపు ఏడు పడేది.

“ఏడెక్కడియి మమ్మీ? నీకు జర గూడ ఫికర్ లేదు!” అని ప్రణవి పెన్ను విసిరికొట్టింది.

మర్నాడు ప్రణవి దుకాణంలో కూర్చుని తల్లి పప్పు తూచడం చూసింది. కాంటా నిలబడింది. పిడికెడు మళ్లీ పడింది. ప్రణవి గిరాకీ ముందే పకపకా నవ్వేసింది. “మమ్మీ, నువ్వు ఆక్సిజన్‌కు గూడ కొసరేస్తున్నవ్! ఎయ్యకపోతే అది వేరే దుకాణంకు పోతదా?”

ఆ రోజు నుంచి కంది గింజలే ఎలక్ట్రాన్లు. ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి ఆరే వేయాలి. ఏడో గింజకు చెయ్యి పోయినప్పుడల్లా ప్రణవి స్కేలుతో ఒకటి తగిలించేది. చూస్తున్న మొగులమ్మకు ఒళ్లు మండింది. “ఒక్క గింజకు గింత పీనాసితనమా? ఏం సదువే గిది!”

నిఖిల గింజలు మళ్లీ మొదటి గిన్నెలో పోసుకుంది. పరీక్ష దగ్గర పడుతోంది, ఏడుపొచ్చేంత భయంగా ఉంది. చివరికి ఒక సాయంత్రం ఆమె చెయ్యి ఆరో గింజ దగ్గర దానంతటదే ఆగింది. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పరీక్ష వికారాబాద్‌లో రాసింది. పోయేటప్పుడు రైలు ధారూర్ స్టేషన్ దాటేదాకా పుస్తకం మూయలేదు.

ఫలితాలు వచ్చిన పూట దుకాణం నిండా జనం. ప్రణవి ఫోన్‌లో చూసి “పాస్!” అని అరిచింది. నిఖిల స్టూలు మీద కూలబడి అందరి ముందే ఏడ్చేసింది. ఆమెకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మొగులమ్మ కోడలి దగ్గరికి వచ్చింది. “ఇగ ఏడ్సుడు సాలు. గిది అయిపాయె. దీని తర్వాత ఏముంటది?”

“డిగ్రీ, అత్తమ్మా.”

“యాడ?”

“వికారాబాద్‌ల.”

మొగులమ్మ కోడల్ని పక్కకు జరిపి కాంటా ముందు తాను కూర్చుంది. “పొద్దుగాల రైలు ఎన్నింటికి?”